కెమెరా ఏ ఎత్తున ఉండాలి?

భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ కథ రాసుకుని, షార్ట్‌ఫిల్మ్ తీయడం నేర్చుకోవడానికి వెళ్ళాను. "ఆమెను పైనుంచి తీయండి, జాలి పుడుతుంది" అన్నారు మాస్టారు. జాలి ఎవరికి కావాలి? ఆమె అడిగేది న్యాయం!

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా నేర్చుకుంటూ షాట్లకు తమ పేర్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కళ్ళకు సమానంగా చూస్తే సంఘం షాట్. బడి మెట్లెక్కని స్త్రీలు కూడా పసిగట్టిన ఈ పెత్తనం మన సినిమా పెద్దలకెందుకు కనబడదు?

నేను కెమెరాను ఆమె కళ్ళ ఎత్తుకు దించాను. "ఏడుపు పండలేదు" అన్నారు మాస్టారు. పండనక్కర్లేదు. మన కష్టాన్ని పటేల్ షాట్‌లో చూపించే హక్కు ఎవరికీ లేదు, కెమెరా పట్టిన మనకైనా సరే.