ఒంటికన్ను పిల్లికి ఓ ఇల్లు కావాలి!

తెర మీద అసలు బొమ్మ పడకముందు అక్షరాల పలకలు కొన్ని వస్తాయి. సిగరెట్టు గురించి ఒకటి, మందు గురించి ఒకటి, ఆ తర్వాత ఈ చిత్రంలో ఏ జంతువునూ హింసించలేదని ఇంకొకటి. అప్పుడు మీరేం చేస్తుంటారు తమ్ముళ్ళూ? సమోసా పొట్లం విప్పుతూ ఉంటారు. హీరో పేరు పడగానే ఈల వేద్దామని రెండు వేళ్ళు నోటి దగ్గర సిద్ధంగా పెట్టుకుంటారు గానీ, ఆ పలకకి ఎవరైనా ఈల వేశారా? పాపం, లేదు!

ఈ వారం ఆ పని మనం చేద్దాం. ఎందుకంటే ఆ పలక వెనకాల పెద్ద కథే ఉంది. మద్రాసులో కళాక్షేత్రం స్థాపించిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి వెళ్ళారు. నోరులేని జీవాలను బాధపెట్టకుండా ఓ చట్టం కావాలని అక్కడ పట్టుబట్టారు. ఆ పట్టుదల ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆమే. ఇవాళ ఏ సినిమాలోనైనా ఎద్దునో గుర్రాన్నో చూపించాలంటే ఆ మండలి అనుమతి ఉండాలి.

అదే కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకున్న ఓ అమ్మాయి తర్వాత మన తెరకి వచ్చింది. 1989లో ‘శివ’లో నాగార్జున పక్కన కనిపించి కుర్రకారు గుండెల్లో సైకిల్ చైను తిప్పింది! అవును, అమలే. 1992లో నాగార్జునని పెళ్ళాడింది. ఆ ఏడే హైదరాబాదులో బ్లూక్రాస్ మొదలుపెట్టింది. గురువు చట్టం తెప్పిస్తే, శిష్యురాలు ఆస్పత్రి తలుపు తెరిచిందన్నమాట.

ఇంకో జంట సంగతి కూడా వినండి. మన తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజులవి. 1959లో జోరువానలో కెప్టెన్ సుందరం అనే విమాన పైలట్ టి.నగర్ మీదుగా వెళ్తుంటే, నీళ్ళలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లలు కనిపించాయి. ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. ఆయన భార్య ఉషా సుందరం కూడా పైలటే. ఆ ఇంట్లోంచే బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. ఇక్కడ నాకు నచ్చింది వానలో ఎత్తుకురావడం కాదండీ. అది ఒక్క క్షణం పని, సినిమాలో అయితే ఇంటర్వెల్ సీను. ఇంటికి తెచ్చాక తలుపు తీసిన రెండో మనిషి మొహం ఎలా ఉందన్నదే అసలు కథ. ఆ మొహం చిట్లించుకుని ఉంటే రెండు కుక్కపిల్లలూ మళ్ళీ వాన పాలే గదా!

ఇక అసలు విషయానికొస్తాను. పశుపక్ష్యాదుల ఆశ్రమాలకి పిల్లులు చేరతాయి. అందులో బొద్దుగా, మొహం ముద్దుగా ఉన్నదాన్ని ఎవరో ఒకరు తీసుకుపోతారు. మిగిలిపోయేవెవరు? కన్ను పోయినది, కాలు తీసేసినది, చెవులు వినపడనిది, నడిస్తే తూలిపోయేది. వేషం అడగడానికి వచ్చిన వాళ్ళలో మొహం బాగున్నవాడిని లోపలికి పిలిచి, మిగతావాళ్ళని గేటు దగ్గరే కూర్చోబెట్టినట్టు!

కానీ గేటు దగ్గరున్నవాడికే అదృష్టం పట్టిన సందర్భమూ ఉంది. 1972లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’లో మార్లన్ బ్రాండో ఒళ్ళో ఓ పిల్లి ఉంటుంది. అది పెంపుడు పిల్లి కాదు, స్టూడియోలో తిరుగుతున్న దిక్కులేని పిల్లి. దర్శకుడు కొప్పోలా దాన్ని ఎత్తి బ్రాండో చేతిలో పెట్టాడు. అది ఆయన ఒళ్ళో పడుకుని గుర్రుగుర్రుమంటుంటే ఆ చప్పుడుకి డైలాగులే సరిగా వినబడలేదట!

ఇప్పుడు అక్కినేని వారి ‘అందాల రాముడు’ (1973) గుర్తు చేసుకోండి. అందులో గోదారి మీద పడవెక్కి భద్రాచలం బయల్దేరతారు. మనం పడవ కాకుండా ఖమ్మంలో బస్సెక్కుదాం. కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, సారపాక దాటి, వంతెన మీదుగా రాములోరి ఊరు. రెండు పక్కలా అడవి. ఆ దారిలో ఏ పల్లెలోనో కొత్తగా కాపురం పెట్టిన జంట ఉందనుకోండి. అమ్మాయి బస్టాండు దగ్గర ఒంటికన్ను పిల్లికూనని కొంగులో చుట్టి తెచ్చింది.

“ఏందే అది? ఒక కన్నే ఉంది!”

“నీకు రెండున్నయ్ గదా, నువ్వేం చూస్తున్నవ్? ముందు తలుపు తీయ్!”

అక్కడే ఆ పిల్లికి ఆశ్రమం దొరికింది. ఊరిలో ఇంకో ఆశ్రమం లేకపోతే ఆ ఇల్లే ఆశ్రమం. హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. అయితే ప్రేమొక్కటే చాలదు, తెలివీ కావాలి. అందుకే నాలుగు ముక్కలు చెబుతాను.

ఇలాంటి కూనలకి కన్ను ఎందుకు పోతుంది? చాలాసార్లు కారణం జలుబే. పిల్లుల జలుబు ముదిరితే కళ్ళు పుసులు కట్టి, చూసే దిక్కులేక కన్ను దెబ్బతింటుంది. రెండు కళ్ళూ పోయినా పిల్లి కుదేలవదు. మీసాలతో, చెవులతో, వాసనతో ఇంటిని మనసులో గీసుకుంటుంది. మీరు చేయాల్సిందల్లా మంచం, బిందె, అన్నం గిన్నె చోటు మార్చకుండా ఉండడమే. ఒళ్ళంతా తెలుపు, నీలికళ్ళు ఉన్న పిల్లులకి చెవుడు ఎక్కువ. ఈ సంగతిని డార్విన్ 1859లోనే పుస్తకంలో రాశాడు. అలాంటిదాన్ని పిలిచి లాభం లేదు. నేల మీద కాలు తాటిస్తే ఆ అదురుకి తిరిగి చూస్తుంది. మూడుకాళ్ళ పిల్లి గురించి మీరసలు బెంగపెట్టుకోకండి, మంచం కింద దాన్ని మీరు పట్టుకోలేరు!

ఇక తాగుబోతులా తూలే పిల్లి. దాన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు సోకితే, కూన చిన్నమెదడు సరిగా ఎదగదు. అందుకే తూలుడు. దానికి నొప్పి ఉండదు, అది ముదరదు. నున్నటి గచ్చు మీద గోనెపట్టా పరిస్తే చాలు, హాయిగా బతుకుతుంది. నడుము పడిపోయిన పిల్లిది మాత్రం వేరే లెక్క. మూత్రాన్ని రోజుకి కొన్నిసార్లు చేత్తో నొక్కి తీయాలి. ఎలా తీయాలో పశువుల దవాఖానలో డాక్టరు చేయి పట్టి నేర్పాలి. ఆ ఓపిక లేకపోతే ముందే చెప్పేయండి, అందులో సిగ్గేం లేదు.

పెరుగన్నం పెట్టి పుణ్యం వచ్చిందనుకునే వాళ్ళకి ఓ మాట. పిల్లికి మాంసమో చేపో తప్పదు. వాటిలోని టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఇంకొకటి, ఇది మరీ గట్టిగా చెబుతున్నా: జ్వరానికి మనం మింగే పారాసెటమాల్ పిల్లికి విషం. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. పాపం ఒళ్ళు కాలుతోందని మీ మాత్ర విరిచి వేయకండి. అది కరిస్తే, గీరితే గాయాన్ని సబ్బు పెట్టి పావుగంట కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేబీసుతో పరాచికాలొద్దు.

అడవి అంచున ఉన్నవాళ్ళకి ఇంకో హెచ్చరిక. కిన్నెరసాని వైపు పొదల్లో కూనలు కనబడితే అనాథలని ఎత్తుకురాకండి. అవి అడవిపిల్లి కూనలు కావచ్చు. ఇసుక రంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, పొట్టి తోక, తోకకి నల్లటి చివర ఉంటే అది అడవి బిడ్డ. తల్లి వేటకి వెళ్ళి ఉంటుంది. వాటిని ఇంటికి తెస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. దయ అనుకుని చేసేది దొంగతనం అవుతుంది! మీ ఇంటి పిల్లికి కూడా టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రాత్రిపూట లోపలే ఉంచండి. దాని జబ్బు అడవికి పోదు, అడవి జబ్బు దానికి రాదు.

పిల్లి పన్నెండు పదిహేనేళ్ళు బతుకుతుంది. అంటే మీకు పెళ్ళైన ఏడాది వచ్చిన కూన, మీ పిల్ల హైస్కూలుకి వెళ్ళేదాకా మీ మంచం మీదే పడుకుంటుంది. కాబట్టి ఒకరు ‘ఊ’ అని, రెండోవారు మొహం తిప్పుకునే ఇంటికి దాన్ని తేవద్దు. డాక్టరు ఖర్చు ఎవరిది, పండక్కి పుట్టింటికి వెళ్తే గిన్నెలో చేప ఎవరు వేస్తారు? ఇవి ముందే మాట్లాడుకోండి. కట్నం గురించి మాట్లాడుకునే దానికన్నా ఇది మంచి పెళ్ళిచూపులు! ఎదుటివాడు ఎంత మంచివాడో తెలుసుకోవాలంటే, వాడికి ఉపయోగపడని ప్రాణితో వాడెలా ఉంటాడో చూడమంటాను నేను. డ్యూయెట్ పాడుతూ అందరూ మంచివాళ్ళే.

పరమ పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడంటారు మన పెద్దలు. పిల్లికి ఇల్లే ఇచ్చినవాళ్ళని ఏమనాలో మాత్రం చెప్పలేదు. ఆ బిరుదు మీరు సంపాదించాక మీరే పెట్టుకోండి.

అన్నట్టు, వచ్చేసారి హాల్లో ఆ పలక పడినప్పుడు సమోసా పక్కన పెట్టి ఓ ఈల వేయండి. పక్కవాడు ఎందుకని అడిగితే, బస్టాండులో ఒంటికన్ను పిల్లి ఉందని చెప్పండి. వస్తానండీ, వచ్చేవారం కలుద్దాం!