ముందు ఆట, తర్వాతే బోర్డు

ఊరూ వాడా – కె.ఎల్.ఎన్.

పెనుగొలను లాంటి పల్లెలో కూర్చుని వీడియో గేములు తయారుచేసే స్టూడియో నడపొచ్చా? అదీ ఒక్కరే, ఏ గేమింగ్ కంపెనీలోనూ పనిచేసిన అనుభవం లేకుండా? నడపొచ్చనే నా నమ్మకం. కాకపోతే స్టూడియో పెట్టడంతో మొదలుపెట్టకూడదు. పేరు, లోగో, విజిటింగ్ కార్డు, విజయవాడలో అద్దె గది... వీటన్నిటికీ ముందు ఒక చిన్న ఆట పూర్తికావాలి. అది ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లలోకి చేరాలి. ఆ పని జరిగిన ఇల్లే స్టూడియో.

బీటెక్ చదివి ఊరికి తిరిగొచ్చిన పిల్ల ఈ మాట ఇంట్లో చెబితే అమ్మానాన్నలకు ముందు గుర్తొచ్చేది రమ్మీ. ఫోన్లో ఆడి అప్పులపాలైన కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి కాబట్టి ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈ రెండూ వేరని చట్టమే చెబుతోంది. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా ఆపేసి, పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించాల్సిన రంగంగా గుర్తించింది. మన పిల్ల చేయబోయేది ఈ రెండో రకం పని.

దీనికి పొలం అమ్మనక్కర్లేదు. గోడో అనే గేమ్ ఇంజిన్ పూర్తిగా ఉచితం. అర్జెంటీనాలో ఇద్దరు తయారుచేసుకున్న సాధనం అది, 2014లో అందరి చేతికీ ఇచ్చేశారు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఎక్కువమంది వాడే యూనిటీ ఇంజిన్ వాళ్లు 2023 సెప్టెంబరులో, ఆట ఎన్ని ఫోన్లలోకి దిగితే అంత రుసుము కట్టాలని ప్రకటించారు. ప్రపంచమంతటా గొడవై, ఏడాదికి దాన్ని రద్దు చేసుకున్నారు. అలాంటి భయం గోడోతో లేదు. 2023లో వచ్చిన గోడో 4తో మనకు ఇంకో మేలు జరిగింది: తెలుగు వత్తులు, గుణింతాలు తెర మీద సరిగ్గా కూర్చుంటున్నాయి. మండలి, రామభద్ర లాంటి అక్షర రూపాలు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్లే స్టోర్‌లో ఖాతా తెరవడానికి జీవితకాలానికి ఒకేసారి 25 డాలర్లు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో అయితే ఆటకు 100 డాలర్లు, అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే అదీ తిరిగి ఇస్తారు. చిన్న పరిశ్రమగా ఉద్యం నమోదుకు పైసా ఖర్చు లేదు. ఇంటి అద్దె లేదు, అమ్మ చేతి వంట ఉంది. హైదరాబాద్‌లో అద్దె గదిలో ఉండి ఇదే పని చేసేవాళ్లకు లేని బలం ఇది.

మరి మొదటి ఆట ఏది? అనుభవం లేనివాళ్లు చాలామంది కత్తులు, కోటలు, వందమంది ఒకేసారి ఆడే యుద్ధాలతో మొదలుపెట్టాలనుకుంటారు. నన్నడిగితే పులి-మేక చేయమంటాను. గుడి మండపాల బండల మీద చెక్కి ఉంటుందే, అదే. గీతలు కలిసే చోట్లు 23, పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీదుగా దూకి తింటుంది. మేకలు దూకలేవు, అన్నీ కలిసి పులులను కదలకుండా బంధించాలి. రెండు పక్షాల బలం ఒకటి కాకపోయినా పోటీ సమంగా సాగే ఈ అమరిక ఎంత గొప్పదో తయారుచేస్తేనే తెలుస్తుంది.

గీతలు గీయడం, నియమాలు రాయడం కొన్ని వారాల పని. అప్పుడు ‘అయిపోయింది’ అనిపిస్తుంది. అసలు పని అక్కడే మొదలు. కంప్యూటర్ పులి మరీ తెలివైనదైతే ఆడే పిల్లవాడు రెండు నిమిషాల్లో ఫోన్ పక్కన పడేస్తాడు. మందమతి అయితే విసుగొస్తుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలపాలి? ఆట మధ్యలో ఫోన్ వస్తే, మాట్లాడి తిరిగొచ్చేసరికి మేకలు ఉన్నచోటే ఉండాలి కదా? చిన్న తెర మీద లావుపాటి వేలు ఒక చుక్కను నొక్కబోయి పక్క చుక్కను నొక్కితే? పులి-మేక ఎన్నడూ చూడని అమెరికా పిల్లకు ఒక్క వాక్యం రాయకుండా నియమాలు ఎలా నేర్పాలి? ఈ ప్రశ్నలు తీరడానికి మొదటి భాగానికి పట్టినంత కాలమూ మళ్లీ పడుతుంది. చాలామంది విడిచిపెట్టేసేది ఇక్కడే. ఈ చివరి భాగం ఒక్కసారి దాటిన మనిషి నా దృష్టిలో పది ఆటలు సగం చేసి వదిలేసినవాళ్లకంటే ఎంతో ముందున్నట్టు.

రెండో ఆటకు ఊరే సరుకు ఇస్తుంది. కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది, మబ్బు కమ్ముకొస్తోంది, చేతిలో ఉన్న పట్టాలు చాలవు, ఏ కుప్ప మీద ముందు కప్పాలి? తాలుకాయలు ఏరుతూ ఉండగానే గాలి లేస్తుంది. తిరువూరు ప్రాంతంలో మిర్చి పండించిన ఇంటి పిల్లకు ఆ గుండెదడ ఎవరూ నేర్పనక్కర్లేదు. బయటి ప్రపంచానికి ఇది కొత్త. టొరంటోలోని విసాయ్ గేమ్స్ ఇలాగే ‘వెన్‌బా’లో వలస వెళ్లిన తమిళ తల్లి వంటింటినే ఆటగా మలిచింది. 2023లో వచ్చిన ఆ చిన్న ఆటకు మరుసటి ఏడాది ఉత్తమ తొలి ఆటగా బాఫ్టా పురస్కారం దక్కింది. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో మన పురాణాల నేపథ్యంతో ‘అసుర’ చేసి 2017లో స్టీమ్‌లో విడుదల చేసింది. అలాంటి ఆటలు ఇంకా చాలా రావాలి.

ఒంటరిగా ఆట చేసినవాళ్ల గురించి మాట్లాడితే అందరూ ఎరిక్ బరోన్ పేరే చెబుతారు. వ్యవసాయం మీద చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అతనిది. 2016లో వచ్చింది, నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ అంకె చూసి మోసపోవద్దు. దాని వెనక నాలుగున్నరేళ్లున్నాయి, సియాటిల్‌లో ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైం కొలువుంది, తోడుగా సంపాదించిన భాగస్వామి ఉంది. పుణెలో ‘రాజీ’ చేసిన బృందానికి 2017లో ప్రజల నుంచి చందాలు అడిగితే సరిపడా రాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు తన ఫ్లాట్ అమ్మి పని నడిపారు. 2020లో ఆట వచ్చి పేరు తెచ్చుకుంది. వాళ్ల ధైర్యానికి నమస్కారం. అయితే వాళ్లు ఈ పనిలో అప్పటికే చేయి తిరిగినవాళ్లు. కొత్తగా వచ్చే పిల్లలు మాత్రం సొంత ఇల్లు, అమ్మ నగలు ఈ లెక్కలోకి తేవద్దని గట్టిగా చెబుతాను. ట్యూషన్లు చెప్పుకుంటూనో, రిమోట్ ఉద్యోగం చేసుకుంటూనో సాయంత్రాలు దీనికివ్వాలి. మొదటి ఆటకు డబ్బు రాదనే లెక్క వేసుకోవాలి.

ఆట పరీక్షించడానికి మాత్రం ఊరిని మించిన చోటు లేదు. ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ఆటను విడుదల చేయాలంటే ముందు కనీసం పన్నెండు మంది వరసగా పద్నాలుగు రోజులు పరీక్షకులుగా ఉండాలన్నది గూగుల్ షరతు. నగరంలో అందుకు మనుషులను వెతుక్కోవాలి, ఇక్కడ బజార్లోకి వస్తే చాలు. కాకపోతే అత్తయ్యా బాబాయీ ‘బాగుందమ్మా’ అంటారు తప్ప లోపం చెప్పరు. అందుకని అభిప్రాయం అడక్కూడదు. ఫోన్ చేతికిచ్చి, నోరు మెదపకుండా, వేలు ఎక్కడ తడబడుతోందో చూసి రాసుకోవాలి. సాయం చేయాలని ఎంత అనిపించినా చేయకూడదు.

డబ్బు వచ్చే రోజుకు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. స్టీమ్ అమ్మకంలో 30 శాతం ఉంచుకుంటుంది. దాని మీద అమెరికా అమ్మకాలకు అక్కడి పన్ను కోత ఉంటుంది. పన్ను పత్రంలో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా ఒప్పందం కింద అడిగితే ఆ కోత 15 శాతం, లేకపోతే 30.

ఒక కోరిక ఉంది. 2009 నుంచి ఏటా జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతోంది. ఇచ్చిన అంశం మీద దాదాపు రెండు రోజుల్లో ఒక చిన్న ఆట పూర్తిచేయడం దాని పద్ధతి. ప్రపంచంలో ఏ ఊరైనా వేదికగా నమోదు చేసుకోవచ్చు. తిరువూరులో ఏదో ఒక కళాశాల సంక్రాంతి సెలవులు ముగిశాక తన కంప్యూటర్ ల్యాబ్‌ను ఆ శని, ఆదివారాలు తెరిచి ఉంచాలి. కరెంటు పోతే జనరేటర్, రాత్రి భోజనం, ఆడపిల్లలు ఇళ్లకు క్షేమంగా చేరేందుకు ఒక బండి ఏర్పాటు చేస్తే చాలు. పెనుగొలను, గంపలగూడెం నుంచి పిల్లలను పంపే పని ఊళ్లోని పెద్దలది.