హెచ్‌పీ చూసి మోటరు కొనేటోళ్లకు

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. రానీయండి.

శంకర్‌పల్లి దిక్కు మా చేను పక్కన ఒక సారు ఫామ్‌హౌస్ కట్టి స్విమ్మింగ్‌పూల్ తవ్వించిండు. మొన్న నన్ను పిలిచి, "అన్నా, షాపుల 2 హెచ్‌పీ పంపు చూపిస్తున్నరు. 3 హెచ్‌పీ పెడితే నీళ్లు ఇంకా శుభ్రంగుంటయి గదా?" అన్నడు. అమ్మేటాయనకు పెద్దది అంటగడితే లాభం, కొనేటాయనకు పెద్దది కొన్నానన్న తృప్తి. నడుమ లెక్క చేసేటోడే లేడు.

లెక్క ఎంతసేపు? ఆ పూల్ 26 అడుగుల పొడవు, 13 వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. గుణిస్తే 1,352 ఘనపుటడుగులు, అంటే సుమారు 38 వేల లీటర్లు. 8 గంటల్లో ఆ నీళ్లన్నీ ఒకసారి ఫిల్టరు గుండా తిరిగొస్తే ఇంటి పూల్‌కు చాలు. గంటకు 5 వేల లీటర్లు కూడా కాలేదు. పైగా ఇది బోరు మోటరు లెక్క పాతాళం నుంచి ఎత్తేది కాదు, పూల్‌లో నీళ్లను పూల్‌లోకే తిప్పేది. పైపులు సరైన సైజువి వేస్తే, వంపులు, ఫిల్టరు అడ్డు అంతా కలిపినా 10 మీటర్లు ఎత్తినంత భారం. దానికి అర హెచ్‌పీ, మహా అంటే ముప్పావు. 3 ఎందుకు సారూ?

పెద్దది పెడితే శుభ్రం మాట దేవుడెరుగు, పని చెడుతుంది. ఫిల్టరులో ఉండేది ఇసుక. నీళ్లు నిదానంగా దిగితేనే అది మురికిని పట్టుకుంటది. జోరుగా తోస్తే మురికి ఇసుకను దాటుకొని మళ్ల పూల్‌లకే వస్తది. కరెంటు సంగతి వేరే. 3 హెచ్‌పీ నిండు లోడు మీద 8 గంటలు తిరిగితే 18 యూనిట్లకు పైనే. రోజూ!

నేనేమన్నా పుట్టుతోనే తెలివైనోణ్ణా? ఇంచున్నర పోసే బోర్ల 5 హెచ్‌పీ తీసి 7.5 దించిన, పక్క చేనాయన దించిండని. రెండు రోజులు బాగనే పోసింది. తర్వాత ఆగి ఆగి పోసుడు మొదలు. ఒక రాత్రి నీళ్లు లేక వట్టిగ తిరిగి వైండింగు కాలిపోయింది. మోటరు పైకి తీసి బాగుచేయించి మళ్ల దించేలోపు అర ఎకరం టమాట కండ్ల ముందే ఎండింది. బోర్ల లేని నీళ్లు మోటరు ఏడ తెస్తది?

అందుకే షాపుల హెచ్‌పీ అడగకండి. "10 మీటర్ల హెడ్ మీద గంటకు ఎన్ని లీటర్లు?" అని అడగండి. కంపెనీ ఇచ్చే పట్టీలో అది రాసే ఉంటది. చూపియ్యకపోతే మెట్లు దిగండి.

సారు ఇంకా కొనలేదు. ఆదివారం నన్ను తోలుకపోతా అన్నడు.