ఆడపాముల జాతి – మన వాదనలు

బేస్తవారిపేట వైపు పెరడు తవ్వినా, పూలకుండీ కదిలించినా వానపాములా మెరుస్తూ జారిపోయే చిన్న పాము మన కంటపడుతుంది. జానెడు కూడా ఉండదు. కళ్ళు రెండు చుక్కలు, తలా తోకా ఒకేలా ఉంటాయి. విషం లేదు. చీమల, చెదల గుడ్లు తిని బతుకుతుంది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని 'రెండు తలల పాము' అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. 1803లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 'బ్రామినస్' అన్నాడు. మగదే లేని జాతికి ఒక కులం పేరు, అదీ పుంలింగంలో!

ఈ జాతి గుడ్లు మగబీజం లేకుండానే పిల్లలవుతాయి. అమెరికా ఎడారుల్లో కొన్ని విప్‌టెయిల్ బల్లులదీ ఇదే దారి. ఆ బల్లుల్లో గుడ్డు తయారయ్యే ముందు క్రోమోజోములు అదనంగా ఒకసారి రెట్టింపవుతాయని 2010లో వెల్లడైంది. అందువల్ల తర్వాత సగమైనా తల్లి దగ్గరున్నదంతా బిడ్డకు చేరుతుంది. కూతురు దాదాపు తల్లికి నకలే.

"చూశారా, మగవాడి అవసరమే లేదు!" అని మనలో కొందరు సంబరపడతారు. సభలో నవ్వించడానికి బాగుంటుంది కానీ వాదనగా నిలవదు. కుండీ మట్టిలో ఒక్క ఆడపాము చేరితే చాలు, సముద్రం దాటి కొత్త సంతతి మొదలవుతుంది. అలాగే అది ప్రపంచమంతా వ్యాపించింది. అయితే రెండు వంశాల జన్యువులు కలిసి కొత్త కలయికలు పుట్టే అవకాశం పోతుంది. హానికరమైన మార్పులు తరతరాలుగా పేరుకుపోతాయి. ఒకదాన్ని చంపే కొత్త జబ్బు అన్నిటినీ చంపవచ్చు. పైగా ప్రకృతిని సాక్ష్యానికి పిలిస్తే అవతలి పక్షం కూడా పిలుస్తుంది. "కనడమే ఆడదాని ధర్మం" అనేవాళ్ళు ఎప్పటినుంచో ఆ పనే చేస్తున్నారు.

జీవశాస్త్రం మనకు అక్కరకొచ్చే చోటు వేరు. వరసగా ఆడపిల్లల్ని కన్న కోడలిని "నీ కడుపే అంత" అని, కొడుక్కి మరో సంబంధం చూస్తామని బెదిరించే ఇళ్ళున్నాయి. తనంతట తానే ఆడపిల్లల్ని కనేది ఆ పాము, మన కోడలు కాదు. మనుషుల్లో తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి బీజం ఎక్స్ తెస్తే ఆడ, వై తెస్తే మగ. ఈ సంగతి అత్తగారికీ, ఆమె కొడుక్కీ తెలియాలి.

కానీ నింద కోడలి మీద నుంచి కొడుకు మీదికి మారితే, ఆడపిల్ల పుట్టడం ఒక నేరమనే మాట చెక్కుచెదరదు. 1994లో లింగనిర్ధారణను నిషేధించే చట్టం వచ్చినా స్కానింగ్ బేరాలు ఆగకపోవడానికి ఆ మాటే మూలం. చాలా శిక్షణల్లో ఎక్స్, వై బొమ్మ గీసి భోజనానికి లేస్తారు. "ఆడపిల్లయితే ఏం?" అన్న చర్చకు అరగంట కూడా మిగలదు.