కాళ్ల పొడవులో హెచ్చుతగ్గులు



బాలిక పావడా అంచు ఒకవైపున నేలను రాయుచు, రెండవవైపున చీలమండపైకి లేచియుండుట మీరెప్పుడైన గమనించితిరా? కుట్టులో లోపమని తలంచి మడత విప్పి మరల కుట్టుదుము. ఒక్కొక్కప్పుడు లోపము కుట్టులో గాక కాళ్లయందుండును.

మనలో అనేకులకు రెండు కాళ్లు సరిసమానముగా నుండవు. కొన్ని మిల్లీమీటర్ల తేడా సర్వసామాన్యము. దానికి భయపడవలసిన పనిలేదు. సాధారణముగా 2 సెంటీమీటర్లు మించిన తేడాను వైద్యులు ముఖ్యముగా నెంచెదరు.

సమమైన కాళ్లపై నిటారుగా నిలిచినపుడు ఎముకలే స్తంభములవలె భారమును మోయును. కండరములకు పని స్వల్పము. ఒక కాలు పొట్టియైనచో కటిభాగము ఆవైపునకు వ్రాలును. శరీరము ప్రక్కకు ఒరిగిపోకుండుటకై వెన్నెముక వంపు తిరుగును. నడుము కండరములు ఎడతెగక పనిచేయవలసివచ్చును. కొందరు పొట్టికాలి మడమ నెత్తి మునివ్రేళ్లపై నిలుచుందురు. అప్పుడు పిక్కకు విశ్రాంతి యుండదు. మరికొందరు పొడుగుకాలి మోకాలిని వంచి నిలుచుందురు. అప్పుడు తొడ ముందరి కండరము బిగిసియుండును. అట్టి పిల్ల పొయ్యియొద్ద కొంతసేపు నిలిచి అలసినచో సోమరియని నిందించుట న్యాయము కాదు.

ఇంటనే కొంత పరీక్షింపవచ్చును. పిల్లను చెప్పులు లేకుండ, మోకాళ్లు వంచకుండ నిలువబెట్టి, వెనుకనుండి నడుమునకు ఇరువైపుల కటి ఎముకలపై చేతులుంచి చూడుడు. ఒక చేయి క్రిందుగా నున్నచో, ఆ పాదము క్రింద పలుచని పలకలను ఒక్కొక్కటిగా నుంచుడు. రెండు చేతులు సమమగునప్పటికి ఆ పలకల యెత్తే సుమారుగా తేడా. కూర్చుండబెట్టినపుడు వెన్ను తిన్నగా నున్నచో, నిలిచినప్పటి వంపునకు మూలము కాళ్లయందున్నదని ఊహింపవచ్చును. అయితే తుంటి కండరములు బిగిసినను కాలు పొట్టిగా తోచును గనుక నిర్ణయము వైద్యునిదే.

స్వల్పమైన తేడాకు చెప్పులో మడమ క్రింద వైద్యుడు చెప్పినంత మందముగల మెత్త నమర్చిన చాలును. కాని మన యిండ్లలో చెప్పులు గుమ్మముకడనే విడుతుము. వంటయింట వట్టికాళ్లతో గంటలకొలది నిలిచినచో ఆ మెత్తవలన లాభమేమి? ఇంటిలో ధరించుటకు ప్రత్యేకముగా నొక జత యుంచుకొనవలెను.

తేడా యెక్కువైనచో శస్త్రచికిత్స గలదు. ఎదుగు వయస్సులో పొడుగుకాలి ఎముక పెరుగుదలను తగిన సమయమున ఆపినచో, పొట్టికాలు దాని నందుకొనును. ఆడపిల్లల కాళ్ల ఎదుగుదల సాధారణముగా 14 ఏండ్ల ప్రాంతమున ముగియును. ఆ గడువు దాటినపిమ్మట ఈ మార్గము మూసికొనిపోవును; ఎముకను పొడిగించు సుదీర్ఘమైన చికిత్స వంటివే మిగులును. నడక నేర్చిన పసిబిడ్డ మొదటినుండియు కుంటుచున్నచో తుంటి కీలు తొలగియుండవచ్చును. ఇది ఆడుబిడ్డలలో నెక్కువ. ఒక్క దినమైన జాగుచేయరాదు.

పెండ్లి సంబంధములకు అడ్డు వచ్చునని తల్లులు పిల్ల కుంటును పొడుగు పరికిణీలతో మరుగుపరచుట కలదు. లోకము కన్ను కప్పవచ్చును గాని ఎముక మనకొరకు వేచియుండదు. దాచిన సంవత్సరములే చికిత్సకు తగిన సంవత్సరములు. కావున పిల్లలకు క్రొత్త పావడా కుట్టునపుడెల్ల అంచును మాత్రమే గాక, దాని క్రిందనున్న పాదములను గూడ చూడుడు.