వాహినీ మనదేనా? అయితే కాగితం చూపించండి

మన కడప జిల్లాలో సినిమా పిచ్చికి కొదవ లేదు. బెనిఫిట్ షో పడితే తెల్లవారకముందే డప్పులు, కటౌట్లకు పాలాభిషేకాలు, హీరోల కులాల మీద కొట్లాటలు. సీడెడ్ హక్కులు ఎన్ని కోట్లు పలికాయో ప్రొద్దుటూరు టీ అంగడి దగ్గర కుర్రాడు కూడా చెప్తాడు. వాణ్ణి బి.ఎన్.రెడ్డిది యా ఊరని అడగండి. నోరు మెదపడు. తప్పు వాడిది కాదు, వాడికి చెప్పని మనది.

1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టినవాడు మద్రాసులో వాహినీ సినిమా సంస్థను నిలబెట్టాడు. 1939లో ‘వందేమాతరం’, 1951లో ‘మల్లీశ్వరి’ తీశాడు. తమ్ముడు నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థ పెట్టి ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ ఇచ్చాడు. అన్నకు 1974లో ఫాల్కే అవార్డు, తమ్ముడికి 1986లో అదే అవార్డు. ఇంత చరిత్రకు సొంత గడ్డ మీద ఒక గదైనా ఉండొద్దా?

“యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా” అంటారు సోమరులు. ఉన్నది సినిమా. సంస్థ కాదు. పెట్టుబడి ఎవరు పెట్టారు, నెలజీతం మీద పనిచేసిన నటుల ఒప్పందాల్లో షరతులేమిటి, ‘మాయాబజార్’ సెట్లకు చెక్క కోసిన వడ్రంగికి కూలి ఎంత, మన ఊళ్లలో టూరింగ్ టాకీసు గేటు వసూళ్లెన్ని? వీటికి జవాబు ఖాతా పుస్తకాల్లో, ఉత్తరాల్లో, డీసీఆర్‌లలో (రోజువారీ వసూళ్ల లెక్కల్లో) ఉంటుంది. చెదలు ఎవరి అభిమానీ కాదు. పాత ఫిల్ము రీలు కుళ్లితే పుల్లటి వాసన కొడుతుంది. ఆ వాసన ముదిరాక ఏ కోటీశ్వరుడూ దాన్ని బాగుచేయలేడు.

వేదికలెక్కి “మా సీమ బిడ్డలు” అని గొంతు చించుకునే నాయకులారా, మీ జయంతి ఫ్లెక్సీల ఖర్చులో ఒక్క ఏడాదిది ఇటు పెట్టండి. పాత పాటలు రీమిక్స్ చేసి సొమ్ము చేసుకునే నిర్మాతలారా, మీరు తింటున్నది ఎవరి పంటో ఒకసారి తలుచుకోండి. మద్రాసు వడపళనిలో వాళ్ల స్టూడియో ఉన్న చోట ఇప్పుడు ఆస్పత్రి, మాల్ ఉన్నాయి. స్థలం యజమానులది, వాళ్ల ఇష్టం. జ్ఞాపకం మనది. దాన్ని తగలేస్తున్నదీ మనమే.

ఎక్కడినుంచో వచ్చిన దొర సి.పి.బ్రౌన్ సొంత డబ్బు పోసి, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు కూడబెట్టి, వేమనను మన చేతికిచ్చాడు. ఆయన పేర కడపలో గ్రంథాలయం కట్టి దండలు వేస్తున్నాం. దండ వేసే చెయ్యి ఆయన చేసిన పని ఎందుకు చేయదు?

యోగి వేమన విశ్వవిద్యాలయం ఒక్క పరిశోధక విద్యార్థిని ఈ పనికి పెట్టాలి. మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులలో పాత థియేటర్ల వాళ్ల ఇళ్లు తట్టాలి. ఆపరేటర్ల మాట రికార్డు చేయాలి. పాటల పుస్తకం, పోస్టరు, టికెట్టు ముక్క, ఏది దొరికినా స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, సిగ్గుంటే చాలు.

నా మీద కోపమొచ్చిందా? రావాలి. ఆ కోపంతోనే లేచి మీ ఇంటి అటక మీది పెట్టె దించండి. అదీ చేతకాకపోతే రేపటి నుంచి వాహినీ మాదని ఎక్కడా అనకండి.