బోర్డును ఒక్క మాట అడిగి ఉంటే..

పోయిన ఎండాకాలం మోత్కూర్‌లో మా బోరు మోటార్‌ను ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే పెట్టె ఒకటి తయారుచేశాను. లోపల ఈఎస్‌పీ32 బోర్డు, దాని మీద మైక్రోపైథాన్. రెండో బోరుకూ అలాంటిదే ఇంకోటి పెట్టాను. బోర్డు ఒకటే రకం, వైరింగ్ ఒకటే, కోడ్ ఒకటే. మొదటిది మంచిగా నడుస్తోంది. రెండోది మాత్రం కొన్ని గంటలకే బిగుసుకుపోతోంది.

ఒకరోజు రాత్రి మోటార్ ఆన్‌లో ఉండగానే పెట్టె ఆగిపోయింది. నేనేమో హైదరాబాద్‌లో. పదకొండింటికి నాయిన టార్చి పట్టుకొని, పాములు తిరిగే గట్టు మీదుగా పోయి బంద్ చేసి వచ్చాడు. "నీ పెట్టె కంటే నా చెయ్యే నయం రా" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

శనివారం ఊరికి పోయి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే 'మెమరీ ఎర్రర్'. బోర్డులో 4 మెగాబైట్ల అదనపు మెమరీ ఉంది. కానీ ఆ మెమరీని వాడే బిల్డ్‌కు బదులు నేను మామూలు బిల్డ్ ఎక్కించాను. అది బూట్ అవుతుంది, నడుస్తుంది, ఆ 4 మెగాబైట్లను మాత్రం ముట్టుకోదు. తప్పు నాదే.

డేమియన్ జార్జ్ 2013లో మొదలుపెట్టిన మైక్రోపైథాన్‌కు ఒక్కో బోర్డుకు ఒక్కో బిల్డ్ ఉంటుంది. మళ్లీ అందులో రకాలు. ఏది ఉండాలి, ఏది వద్దు అన్నది కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది. చిప్‌లోకి ఎక్కాక పైనుంచి చూస్తే అన్నీ ఒకటే.

అందుకే ఫర్మ్‌వేరే తన పేరు చెప్పాలి. 'సిస్ డాట్ ఇంప్లిమెంటేషన్'లో 'అండర్‌స్కోర్ మెషీన్' అని ఉంటుంది, బోర్డు వివరం మనుషులు చదివే వాక్యంలా ఇస్తుంది. 2025లో వచ్చిన 1.25 వెర్షన్‌లో 'అండర్‌స్కోర్ బిల్డ్' కూడా చేరింది. ఇది బోర్డు పేరు, హైఫన్, రకం పేరు.. ఇలా పొట్టిగా ఉంటుంది. ప్రోగ్రామ్ సూటిగా పోల్చి చూసుకోవచ్చు. పాత వెర్షన్లలో ఇది ఉండదు కాబట్టి ముందు 'హ్యాజ్ ఆటర్'తో చెక్ చేయండి.

అయితే ఇది పేరు మాత్రమే. సెట్టింగులన్నీ ఇందులో కనిపించవు. అందుకే బూట్ కాగానే ఖాళీ మెమరీ ఎంతో కూడా చూస్తున్నాను. మెగాబైట్లలో ఉండాల్సింది కిలోబైట్లలో కనిపిస్తే రిలేను ఆన్ చేయనివ్వను. అప్‌డేట్ పంపే స్క్రిప్ట్ కూడా బిల్డ్ పేరు కలవకపోతే అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నాయిన ఫోన్‌కు బిల్డ్ పేరు, వెర్షన్, ఖాళీ మెమరీ మెసేజ్‌గా వస్తాయి. ఇదంతా ఎందుకని అడుగుతాడనుకున్నా. అడగలేదు. ఆయన విత్తనాల సంచి, బిల్లు పంట చేతికొచ్చే దాకా దూలానికి చెక్కి దాచిపెడతాడు. "మొలిచినంక ఏ రకమో ఎట్ల తెలుస్తది?" అన్నాడంతే.

మీ బోర్డు ఏదైనా సరే, బూట్ ఫైల్‌లో ఆ రెండు లైన్లు ఈరోజే రాయండి. రాత్రి పదకొండింటికి గట్టు మీద నడిచేది మీరు కాకపోవచ్చు.